జీసీ-ఎంఎస్ లిస్టులో ఆండ్రోగ్రాఫోలైడ్ లేకపోతే నేలవేము తప్పని కాదు

గుణుపురం నుంచి ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పుట్టాసింగి వైపు కొండ దిగువన నేలవేము సేకరించి, ఆకు ఎండబెట్టి పొడి చేసి, సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మరిగిస్తూ సారం తీసే గాజు పరికరం) మిథనాల్‌తో సారం తీసింది. ఆల్కలాయిడ్లు, ఫ్లావనాయిడ్లు, టానిన్లు, సాపోనిన్లు, రంగు పరీక్షలన్నీ పాజిటివ్. తర్వాత జీసీ-ఎంఎస్‌కి (పదార్థాల్ని ఆవిరి చేసి విడదీసి, వాటి అణువుల ముక్కల బరువుల్ని బట్టి పేర్లు చెప్పే పరికరం) పంపితే ముప్పైకి పైగా పేర్లతో రిపోర్ట్ వచ్చింది. నేలవేముకి పేరు తెచ్చిన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్ మాత్రం అందులో లేదు. "మొక్కే తప్పా, సారం పాడైందా? ఆ ముప్పై పేర్లలో ఏది ఏ జబ్బుకి పనిచేస్తుందో వెతికి పట్టిక వేసి, చివర్లో షుగరు తగ్గిస్తుందని రాయమంటున్నారు. రాయొచ్చా?" అని అడిగింది.

అమ్మా, ముందు టెన్షన్ వదిలేయండి. నేలవేములో ఆండ్రోగ్రాఫోలైడ్ ఎంత పుష్కలంగా ఉన్నా మామూలుగా చేసే జీసీ-ఎంఎస్‌లో కనపడదు. మీ మొక్క తప్పనడానికి ఆ రిపోర్ట్ సాక్ష్యం కాదు. ఒప్పనడానికీ కాదు. మాది పర్లాకిమిడి. మూలికల సారాలకి నాణ్యత పరీక్షలు చేసే ల్యాబుల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇలాంటి రిపోర్టులు మన ఒడిశా వైపు నుంచీ, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచీ చాలా చూశాను. నేలవేము అయినా, పొడపత్రి అయినా, తిప్పతీగ అయినా లిస్టు ఇంచుమించు ఒకటే ఉంటుంది. ఎందుకలా వస్తుందో తెలిస్తే మీ ప్రశ్నలన్నిటికీ జవాబు దొరుకుతుంది కాబట్టి అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

జీసీలో ఏ పదార్థమైనా ముందు ఆవిరి కావాలి. ఇంజెక్టర్ దాదాపు 250 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడికి చెడిపోకుండా ఆవిరై, హీలియంతో పాటు కాలమ్ దాటి రాగలిగినవే డిటెక్టర్‌కి తెలుస్తాయి. ఆండ్రోగ్రాఫోలైడ్ అణుభారం 350. అదేమంత పెద్దది కాదు. స్టిగ్మాస్టెరాల్ 412 ఉండి కూడా జీసీలో వస్తుంది. తేడా అంతా హైడ్రాక్సిల్ గుంపుల్లో ఉంది. స్టిగ్మాస్టెరాల్‌కి ఉన్నది ఒక్కటే. ఆండ్రోగ్రాఫోలైడ్‌కి మూడు, పైగా ఒక లాక్టోన్ వలయం. వాటివల్ల అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, తేలిగ్గా ఆవిరి కావు. వేడి ఇంకా పెంచితే నీరు కోల్పోయి వేరే పదార్థంగా మారిపోతాయి. చక్కెర అణువు తగిలి ఉన్న నియోఆండ్రోగ్రాఫోలైడ్ అయితే ఇంకా కష్టం. పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు, తిప్పతీగలోని మాగ్నోఫ్లోరిన్, పాల్మటిన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. మన కొండల్లో పేరున్న మందుమొక్కల్లో చాలావాటి అసలు సరుకు జీసీలో కనపడదన్నమాట. తులసి, నిమ్మగడ్డి, వట్టివేరు లాంటి సుగంధ తైలాలకైతే జీసీ-ఎంఎస్‌కి మించిన పరికరం లేదు. దేనికి ఏ పరికరమన్నది అందులో వెతికే పదార్థాన్ని బట్టి తేల్చుకోవాలి. కాలేజీకి దగ్గర్లో ఏది దొరికితే దానికి పంపడంతోనే చాలా ప్రాజెక్టులు పక్కదారి పడుతున్నాయి.

ఇక మీ లిస్టు చూద్దాం. ఎన్-హెక్సాడెకనోయిక్ ఆమ్లం అంటే పామిటిక్ ఆమ్లమే. పామాయిల్‌లో ఉండేది, ప్రతి ఆకులోనూ ఉండేది. ఫైటాల్ అనేది క్లోరోఫిల్ అణువుకున్న పొడుగాటి తోక. ఏ పచ్చటి ఆకు మిథనాల్‌లో వేసినా వస్తుంది. నియోఫైటాడైయీన్ కూడా దానికి చుట్టమే. లినోలెనిక్ ఆమ్లం, స్క్వాలీన్, విటమిన్ ఇ గోంగూర ఆకు పంపినా వస్తాయి. పామిటిక్ ఆమ్లపు మిథైల్ ఎస్టర్ ఉందన్నారు కదా, అది మొక్కలో ఉన్నదే కావచ్చు, లేదా గంటల తరబడి మిథనాల్‌లో మరిగినప్పుడు ఆమ్లమూ మిథనాలూ కలిసి పుట్టినదీ కావచ్చు. ఎథనాల్ వాడినవాళ్ళ లిస్టుల్లో అదే ఇథైల్ ఎస్టర్‌గా కనిపిస్తూ ఉంటుంది. 5-హైడ్రాక్సీమిథైల్‌ఫర్ఫ్యూరాల్ లాంటివి చక్కెరలు వేడికి విరిగినప్పుడు తయారవుతాయి. ఆకులో ఉన్న చక్కెర ఇంజెక్టర్‌లో మాడినా వస్తాయి.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినవి ఇంకో రెండు రకాలున్నాయి. మీ లిస్టులో డైబ్యూటైల్ థాలేట్ ఉంది. ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే రసాయనం అది. మాస్ స్పెక్ట్రంలో, అంటే అణువు ముక్కల బరువులు చూపించే బొమ్మలో, 149 దగ్గర పెద్ద పీక్ కనిపిస్తే థాలేట్ అని అనుమానించాలి. ప్లాస్టిక్ వాష్ బాటిల్, ట్యూబులు, మూతలు, తక్కువ రకం సాల్వెంట్, వీటిలో దేన్నుంచైనా వచ్చి చేరుతుంది. పేరులో సైలాక్సేన్ అని ఉన్నవి మరో రకం. 73, 207, 281 దగ్గర పీకులుంటే అవి చాలావరకు కాలమ్ లోపలి పూత నుంచో, సెప్టం (ఇంజెక్టర్ మీది రబ్బరు బిళ్ళ) నుంచో ఊడి వచ్చినవి. వీటికి కూడా "సూక్ష్మక్రిములను చంపును, వాపు తగ్గించును" అని రాసిన పట్టికలు నేను చదివాను. మీరలా రాయకండి. నేలవేములో లేని ప్లాస్టిక్‌కి మందు గుణం కట్టబెడితే రేపు వైవాలో జవాబు చెప్పుకోవాల్సింది మీరే. దీనికి మందు ఒకటే: బ్లాంక్. సాక్స్‌లెట్‌లో ఆకుపొడి లేకుండా ఖాళీ తింబుల్ (పొడి వేసే కాగితపు గొట్టం) పెట్టి, అదే మిథనాల్, అంతే సమయం నడిపి, అదే పద్ధతిలో ఇంజెక్ట్ చేయించండి. బ్లాంక్‌లో కూడా కనిపించిన పేర్లు మీ లిస్టులోంచి తీసేయండి.

లైబ్రరీ మ్యాచ్ గురించి కూడా రెండు మాటలు. ఆల్బంలోని ఫొటోలతో ముఖం పోల్చినట్టు, సాఫ్ట్‌వేర్ మీ స్పెక్ట్రాన్ని తన దగ్గరున్న స్పెక్ట్రాలతో పోల్చి, అన్నిటికంటే దగ్గరగా ఉన్న పేరు చెప్తుంది. ఆ పదార్థం లైబ్రరీలో లేకపోయినా ఏదో ఒక పేరు చెప్పి తీరుతుంది. నిస్ట్ లైబ్రరీలో మ్యాచ్ స్కోరు 999 దాకా ఉంటుంది. 900 దాటితే చాలా బాగుందనీ, 800 పైన బాగుందనీ, 600 కంటే తక్కువైతే నమ్మదగ్గది కాదనీ అనుకోవచ్చు. మీకు వచ్చిన రిపోర్ట్‌లో ఆ కాలమే లేదు. ల్యాబ్‌ని అడిగి తెప్పించుకోండి, మీ హక్కు అది. టెర్పీన్ల లాంటి వాటిలో అయితే స్కోరు 900 ఉన్నా సరిపోదు, ఎందుకంటే వాటి ఐసోమర్ల (అవే పరమాణువులు వేరే అమరికలో ఉన్నవి) స్పెక్ట్రాలు ఒకేలా ఉంటాయి. ఆల్కేన్ల మిశ్రమాన్ని అదే పద్ధతిలో నడిపి రిటెన్షన్ ఇండెక్స్ (కాలమ్‌లోంచి బయటికొచ్చే సమయాన్ని ఆల్కేన్లతో పోల్చి చెప్పే అంకె) లెక్కగట్టి, అది కూడా సరిపోలితేనే పేరు రాయాలి.

ఏరియా శాతం కూడా మీరు అనుకున్నది కాదు. పామిటిక్ ఆమ్లం 22 శాతం అని ఉంటే ఆకులో 22 శాతం ఉందని అర్థం కాదు. ఆవిరై వచ్చినవాటి సిగ్నల్ మొత్తంలో దాని వాటా అంతే. రానివాటి లెక్క అందులో లేనే లేదు.

మరి ఆండ్రోగ్రాఫోలైడ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? మీ కాలేజీలోనే టీఎల్‌సీతో (పల్చటి పూత ఉన్న ప్లేటు మీద పదార్థాల్ని విడదీసే పద్ధతి) మొదలుపెట్టండి. సిలికా జెల్ ప్లేటు మీద మీ సారం ఒక చుక్క, పక్కన ఆండ్రోగ్రాఫోలైడ్ స్టాండర్డ్ (పోల్చడానికి కొనే శుద్ధమైన పదార్థం) ఒక చుక్క పెట్టి, క్లోరోఫాం-మిథనాల్ మిశ్రమంలో నడపండి. ఆరాక కెడ్డే రియేజెంట్ చల్లితే అసంతృప్త లాక్టోన్ ఉన్నచోట ఊదా ఛాయ వస్తుంది. స్టాండర్డ్ ఎత్తులోనే మీ సారంలోనూ మచ్చ ఉంటే సగం భయం పోతుంది. స్టాండర్డ్ లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు. కొన్ని మిల్లీగ్రాముల సీసా అయినా డిపార్ట్‌మెంట్ చేత కొనిపించండి. ఈ మొత్తం ప్రాజెక్టులో ఖర్చు పెట్టాల్సిన వస్తువు అదే.

తర్వాత హెచ్‌పీఎల్‌సీ, అంటే ఆవిరి చేయకుండా ద్రవంలోనే పదార్థాల్ని విడదీసి కొలిచే పరికరం. మామూలు సీ-18 కాలమ్, మిథనాల్ 65 పాళ్ళు, నీరు 35 పాళ్ళు, నిమిషానికి 1 మిల్లీలీటరు, డిటెక్టర్ 223 నానోమీటర్ల దగ్గర. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టి మీ పరికరానికి తగ్గట్టు సర్దుకోవచ్చు. స్టాండర్డ్‌ని కనీసం అయిదు గాఢతల్లో నడిపి, గాఢతకి సిగ్నల్ ఎంతో చూపే గీత గీయండి. లెక్క ఎలా ఉంటుందో ఊహించి చెప్తాను. 1 గ్రాము ఆకుపొడి నుంచి తీసిన సారాన్ని 100 మిల్లీలీటర్లకి సరిచేశారు. దాన్ని పది రెట్లు పల్చన చేసి ఇంజెక్ట్ చేస్తే గీత ప్రకారం మిల్లీలీటరుకి 15 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి. పల్చన చేయకముందు 150 మైక్రోగ్రాములు, 100 మిల్లీలీటర్లలో 15 మిల్లీగ్రాములు, అంటే ఆకులో 1.5 శాతం. మూడు వేర్వేరు తూకాలతో ఇదే చేసి సగటు, తేడా రాయండి. తెలిసినంత స్టాండర్డ్‌ని ఆకుపొడిలోనే కలిపి మళ్ళీ సారం తీస్తే ఎంత వెనక్కి వచ్చిందో కూడా చూడండి. ఆ ఒక్క అంకె మీ పద్ధతి మీద పరీక్షకుడికి నమ్మకం కలిగిస్తుంది.

ఎల్‌సీ-ఎంఎస్ (ద్రవంలో విడదీసి అణువుల బరువు కూడా చూసే పరికరం) అవకాశం దొరికితే మరీ మంచిది. ఒక జాగ్రత్త: పాజిటివ్ మోడ్‌లో 351 కోసం వెతికి లేదనుకోకండి. ఈ అణువు అక్కడ నీటిని తేలిగ్గా వదిలేస్తుంది కాబట్టి 333, 315 బలంగా కనిపిస్తాయి. నెగటివ్ మోడ్‌లో 349 చూడండి. కేంద్ర ప్రభుత్వం నడిపించే సైఫ్ కేంద్రాలు బయటి విద్యార్థుల శాంపిళ్ళు తీసుకుంటాయి. అవి కాక మనకి దగ్గర్లో భువనేశ్వర్‌లోని ఐఎంఎంటీ పరిశోధన సంస్థ, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. ముందు అడిగి చూడండి.

థీసిస్‌లో మాట వాడేటప్పుడు కూడా మెట్లు పాటించాలి. మెటబలోమిక్స్ (జీవుల్లోని చిన్న అణువులన్నిటినీ పరిశీలించే శాస్త్రం) వాళ్ళు 2007లో దీనికి ఒక పద్ధతి పెట్టారు. అసలు స్టాండర్డ్‌తో రెండు వేర్వేరు లక్షణాలు, అంటే కాలమ్‌లోంచి వచ్చే సమయం, స్పెక్ట్రం రెండూ సరిపోలితేనే "గుర్తించాం" అని రాయాలి. లైబ్రరీతో మాత్రమే పోలితే "ఫలానాది కావచ్చు" అనాలి. ఏ కుటుంబానికి చెందిందో మాత్రమే తెలిస్తే అంతవరకే రాయాలి. ఏమీ తెలియకపోతే తెలియని పదార్థమనే రాయాలి. మీ లిస్టులో ఇప్పుడున్న పేర్లన్నీ, బ్లాంక్ తీసేశాక కూడా, రెండో మెట్టు మీదే ఉంటాయి.

ఇంత చేసినా మొక్క తప్పైతే అంతా వృథా. మీరు హెర్బేరియం నమూనా చేసినట్టు రాయలేదు. సంతలో నేలవేము పేరుతో, ఒడియా వాళ్ళ భుయినింబ పేరుతో అమ్మేది సాధారణంగా ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటానే, కానీ దేశంలోని మూలికల బజారులో దీన్ని హిమాలయాల చిరాయితా బదులు అమ్మడం మామూలే. రెండూ చేదే. ఆండ్రోగ్రాఫిస్ జాతిలోనే మన తూర్పు కనుమల్లో వేరే మొక్కలు కూడా ఉన్నాయి. పూలూ కాయలూ ఉన్న కొమ్మని నొక్కి ఆరబెట్టి, సేకరించిన ఊరు, ఎత్తు, తేదీ రాసి, నంబరు వేయించి ఎక్కడైనా భద్రపరచండి. భువనేశ్వర్‌లో ప్రాంతీయ వృక్ష వనరుల కేంద్రం ఉంది. జయపురంలో స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళ మందుమొక్కల తోట ఉంది, వెళ్ళి పోల్చి చూసుకోవచ్చు. ఇంకో సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కదా. అందుకని మన కొండల మొక్కలు గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాలో (ఆ ప్రాంతపు మొక్కల వివరాల గ్రంథం) దొరుకుతాయి. ఒడిశా ఫ్లోరాతో పాటు దాన్ని కూడా తెరవండి.

ఇక్కడే మీకొక మంచి ప్రశ్న ఉంది. ముప్పై పేర్ల పట్టిక కంటే నాకు ఇదే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది. నేలవేము తొలకరికి మొలిచి, వానలు వెనకబట్టాక పూస్తుంది. ఆండ్రోగ్రాఫోలైడ్ ఆకులో ఎక్కువ, కాండంలో తక్కువ. పూత మొదలయ్యే రోజుల్లో ఎక్కువగా ఉండి, కాయలు ముదిరాక తగ్గుతుంది. మనవాళ్ళు చాలామంది చేలో పనులు తీరాక, మొక్క ముదిరి ఆకు రాలుతున్నప్పుడు కాండంతో సహా పీకి సంతకి తెస్తారు. గుణుపురం పల్లపు భూముల్లో ఒకచోట, పుట్టాసింగి కొండ మీద ఒకచోట, మహేంద్రగిరి వాలులో ఒకచోట, సరిహద్దు దాటి సీతంపేట దగ్గర ఒకచోట, ప్రతిచోటా కొన్ని మొక్కల్ని విడివిడిగా, పూతకి ముందు ఒకసారి, కాయ ముదిరాక ఒకసారి తీసుకుని ఆండ్రోగ్రాఫోలైడ్ ఒక్కటే కొలవండి. ఎప్పుడు కోస్తే సరుకు బాగుంటుందో ఏరేవాళ్ళకి, కొనేవాళ్ళకి అంకెల్లో చెప్పగలుగుతారు. ఒకే మొక్క, ఒకే పదార్థం, సరిగ్గా కొలిచిన అంకె. ఎమ్మెస్సీకి అది చాలు, పైగా దాన్ని ఎవరైనా మళ్ళీ చేసి సరిచూసుకోగలరు.

ఎండబెట్టడం, సారం తీయడం విషయంలో తొందర వద్దు. నీడలో గాలి తగిలేచోట పల్చగా పరచండి. అక్టోబరు ముసుర్లలో బూజు పట్టే భయం ఉంటే 40 డిగ్రీలు దాటకుండా ఓవెన్ వాడండి. పొడి పాతబడేకొద్దీ ఆండ్రోగ్రాఫోలైడ్ తగ్గుతుంది. వేడి ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి చైనా శాస్త్రవేత్త టు యుయు గారి పని చాలు. మలేరియాకి మాచిపత్రి జాతి మొక్క సారం ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోతుంటే, ఆమె బృందం 1971లో 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీసి నిలకడైన ఫలితం సాధించింది. 1972లో అందులోని మలేరియా మందు ఆర్టిమిసినిన్‌ని వేరు చేశారు. 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది. అందుకే సాక్స్‌లెట్‌లో మరిగించిన సారంతో పాటు, చల్లటి మిథనాల్‌లో నానబెట్టి తీసిన సారం కూడా ఒకటి పెట్టి రెండూ పోల్చండి. ఇంకోటి, మీ ఊరి నాటువైద్యుడు ఇచ్చేది నీళ్ళ కషాయం. ఆండ్రోగ్రాఫోలైడ్ నీటిలో సరిగ్గా కరగదు. మిథనాల్ సారంలో చూసినదాన్ని కషాయానికి అంటగట్టకూడదు. ఆయన వాడకాన్ని పరీక్షించాలనుకుంటే ఆయన చేసినట్టే కషాయం కాచి, దాన్ని కూడా హెచ్‌పీఎల్‌సీలో నడపండి.

షుగరు మాట రాయొద్దు. 517 నానోమీటర్ల దగ్గర డీపీపీహెచ్ (యాంటీఆక్సిడెంట్ పరీక్షలో వాడే రసాయనం) ఊదా రంగు పోయి పసుపు రావడం పరీక్షనాళికలో జరిగే రసాయన చర్య. టానిన్లున్న ఏ ఆకు అయినా దాన్ని చేస్తుంది. పిండిపదార్థాన్ని విరిచే ఎంజైమ్ ఆల్ఫా-అమైలేజ్ మీద పరీక్ష చేస్తే, దాన్ని ఆపే షుగరు మందు అకార్బోజ్‌ని పక్కన పెట్టి, ఎంత గాఢతలో ఎంత ఆపిందో రాయండి, అంతవరకే. కంప్యూటర్‌లో పామిటిక్ ఆమ్లాన్ని ఎంజైమ్‌కి అతికించి డాకింగ్ స్కోరు (ఎంత గట్టిగా అతుక్కుంటుందో వేసే అంచనా) చూపించడం వల్ల ఏమీ రుజువు కాదు. అణువు మొక్కలో ఉందనీ, ఆ మోతాదు రక్తంలోకి చేరుతుందనీ తెలియనప్పుడు ఆ అంకెకి అర్థం లేదు. ఇది చదువుకే సంబంధించిన పట్టింపు అనుకోకండి. మీ థీసిస్‌లో ఒక వాక్యం చూసి పొట్లం మీద అచ్చేసుకునే వ్యాపారులున్నారు. షుగరు తగ్గిస్తుందని మందుకి ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ పొట్లం నమ్మి మాత్రలు మానేసేవాళ్ళు మన చుట్టూ ఉన్నవాళ్ళే. మీ గైడ్ గారితో గొడవ పడక్కర్లేదు. "సార్, హెచ్‌పీఎల్‌సీ అంకె ఒకటి పెడితే పేపరు మంచి పత్రికకి పంపొచ్చు" అని చెప్పి చూడండి. చాలామంది ఒప్పుకుంటారు.

మొక్క చూపించిన సవర పెద్దాయన పేరు థీసిస్‌లో రాయాలనుకుంటున్నారు, మంచి ఆలోచన. ముందు ఆయన్ని అడగండి. పేరు వద్దంటే ఊరి పేరు రాయండి. మోతాదు, కలిపే మిగతా దినుసులు చెప్పడం ఆయనకి ఇష్టం లేకపోతే వదిలేయండి. రాయగడ జిల్లా రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు కింద గిరిజనులకి ప్రత్యేక రక్షణలున్న ప్రాంతం. అడవిలో సేకరణకి అటవీ శాఖ అనుమతి, ఊళ్ళో పెద్దల మాట రెండూ ఉండాలి. మహేంద్రగిరి జీవవైవిధ్య వారసత్వ స్థలం కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త. రేపెప్పుడైనా ఈ పని వ్యాపారం దాకా వెళ్తే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం రాష్ట్ర బోర్డుకి చెప్పాలి, లాభంలో వాటా మాట వస్తుంది. కేరళలో కాణి గిరిజనులు చూపించిన ఆరోగ్యపచ్చ నుంచి జీవని అనే మందు తయారైనప్పుడు అక్కడి వృక్షోద్యాన పరిశోధన సంస్థ లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్ళకి కేటాయించింది. మన దగ్గర కూడా అలా జరగాలని నా కోరిక. దానికి ఎవరు, ఎక్కడ, ఏ మొక్క చూపించారన్నది ఈరోజే మీ నోట్‌బుక్‌లో తేదీతో ఉండాలి.

స్టాండర్డ్ ఆర్డర్ పెట్టాక రావడానికి సమయం పడుతుంది. ఈలోగా మిగిలిన ఆకుపొడిని గాలి చొరబడని ముదురు రంగు గాజు సీసాలో పోసి, సేకరించిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో ఉంచొద్దు. పూత ఇంకా ఉంటే ఈ వారమే వెళ్ళి హెర్బేరియం కొమ్మ తెచ్చుకోండి. పూత అయిపోయి ఉంటే కాయలతో ఉన్న కొమ్మ అయినా తీసుకోండి. టీఎల్‌సీ ప్లేటు ఫొటో తీసి పంపితే చూసి చెప్తాను.